ఉప్పు ఎవరు చూడాలె

నేను నీసు ఎందుకు మానేసిన్నో అడగనోళ్ళు మా దిక్కు ఒక్కరు లేరు. చెప్పింది నమ్మినోళ్ళు గూడ ఒక్కరు లేరు.

నీసంటే యాట, కోడి, చేప, గుడ్డు, అన్నీ. మా ఇండ్లల్ల అన్నిటికి అదొక్క మాటనే. నేను చెప్పేది శంషాబాద్ ఇంక ఊరు లెక్కనే ఉన్నప్పటి ముచ్చట. ఇప్పుడు విమానాలు దిగే కాడ అప్పుడు జొన్నచేన్లు, అంగూర్ తోటలు ఉండె. బెంగుళూరు రోడ్డు మీద లారీ పోతే మా ఇంట్ల గిన్నెలు గలగలమనేవి. నాకప్పుడు నలభై దాటినయి. నా సదువు నాలుగో తరగతి కాడనే ఆగింది, రాసుడు మర్చిపోయిన్ననే అనుకున్న. ఇప్పుడు మనుమరాలు ఎంటవడి రాయమంటే రాస్తున్న.

అప్పట్ల మా వాడల ఏ దావతయినా కూర నా చేతి మీదనే కావాలె. యాటను కోసినంక పెద్ద వంట గిన్నె, అదే గంజు, గంటె తెచ్చి నా ముందట పెట్టేటోళ్ళు. తూకాలు నాకు తెల్వవు. కారం ఇంత, ఉప్పు ఇంత, అంతా అందాజనే. కానీ ఉప్పు మాత్రం రెండుసార్లు చూసేదాన్ని. ముక్క సగం ఉడికినంక ఒకసారి, గంజు దించే ముందట ఒకసారి. గంటెతోని నాకితే ఉప్పు తెల్వది. షోర్వ అరచేతి గుంటల పోసుకోవాలె, ఊదాలె, నాలుకకు తగిలించుకోని కండ్లు మూసుకోవాలె. అప్పుడు తెలుస్తది. ఇది నాకు మా అత్త నేర్పింది. నేను మా యారాలికి నేర్పిన.

యారాలంటే మా ఆయన తమ్ముని పెండ్లాం. వాళ్ళకు మాకు ఒక్కటే వాకిలి, నడుమ నడుము ఎత్తు గోడ. ఆమె కొత్తగ వచ్చిననాడు కుడుక ఎంత వేయించాలెనో గూడ తెల్వదు. ఎండుకొబ్బరి మాడిపోయి పొగ లేస్తుంటే గంటె పట్టుకోని నా ముఖం చూస్తుండె. గసగసాలు ఎట్ల నూరాలె, అల్లం ఎల్లిగడ్డ పచ్చివాసన ఎప్పుడు పోతది, అన్నీ నేనే చెప్పిన. చెప్పుతుంటే "ఔనక్క, సరే అక్క" అనుకుంట అన్నీ మనసుల పెట్టుకున్నది.

ఒక ఎండాకాలం నాకు పచ్చకామెర్లు వచ్చినయి. కండ్లు పసుపు అద్దినట్టు అయినయి. దవాఖానకు పోతే సూది ఇచ్చిన్రు, అది సరిపోదని మా ఆయన కొత్వాల్‌గూడ దిక్కు ఒక ముసలాయన కాడికి తోల్కపోయి ఆకుపసరు పోయించిండు. నూనె బంద్, కారం బంద్, నీసు బంద్. సల్ల పోసుకోని అన్నం తిన్న. పథ్యం ఒడిసిననాడు మా ఆయన సంబురంగ మటన్ తెచ్చిండు. వండిన. మూత తీసిన. ఆ వాసన ముఖానికి కొట్టంగనే ఇగ నాకొద్దనిపించింది. కడుపుల తిప్పలే, కక్కు రాలే. తినబుద్ధి కాలే, అంతే. రేపు తింట తియ్యి అనుకున్న. ఆ రేపు ఇప్పటిదాంక రాలే.

ఇగ మొదలైనయి అడుగుడులు.

అంగట్ల కూరగాయలమ్మేటామె తక్కెడ ఎత్తి పట్టుకోని అడిగింది, "ఏ దేవునికి మొక్కినవే అక్కా?"

"ఏ దేవునికి మొక్కలే."

"మొక్కకుంట ఎట్ల మానుతరే!" అని నాకు వేసే టమాటలు మళ్ళ గంపల పోసుకున్నది, నేనేదో దాస్తున్న అన్నట్టు.

వెనకింటి పెద్దాయన అయితే అరుగు మీదికెళ్ళే ఒర్రుతుండె. "ఏందమ్మా, షుగరొచ్చిందా?" "రాలేదు బాపు." "బీపీనా?" "కాదు బాపు." "మరి ఏ డాక్టరు చెప్పిండు?" ఎవరు చెప్పలేదంటే ఆయనకు కోపమొచ్చేది. చెప్పేటోళ్ళు లేకుంట మనిషి ఒక పని ఎట్ల చేస్తది?

మా పక్కింటోళ్ళు కిరస్తానమోళ్ళు. క్రిస్మస్‌కు ఏటా మాకు బిర్యానీ ఇచ్చేటోళ్ళు. ఆ ఏడు గిన్నె పట్టుకోని వచ్చి ఆమె గడప కాడనే నిలవడ్డది. "మా దేవుడు వద్దనలే, మీ దేవుడు వద్దనలే. మరి ఎవరి కోసం మానినవ్ అక్కా?" అన్నది. ఎవరి కోసం కాదంటే జాలిగ చూసి, నా కోసమని నాలుగు కేక్ ముక్కలు తెచ్చింది. అందుల గుడ్డు ఉన్నదని నేను చెప్పలే. మా ఆయన తిన్నడు.

ఇంక కొంతమంది ఉంటరు, బేరమాడేటోళ్ళు. "ముక్క తీసేసి ఒట్టి షోర్వ పోసుకో, ఏమైతది?" "గుడ్డు తింటవు గద?" "చేప నీసెట్లయితదే, నీళ్ళల్ల ఉండేది?" హిమాయత్ సాగర్ చేపలు తెచ్చి అమ్మేటాయన అయితే నా గుమ్మం ముందట సైకిల్ ఆపి, "జర ఒక్కటి తీస్కో అమ్మా, ఇది నీసు కాదు, మంచినీళ్ళ చేప" అన్నడు.

వీటికేమి నేను బాధ పడలే. నన్ను పొడిసింది ఇంకో మాట. బోరింగు కాడ బిందె పెట్టి నీళ్ళు కొట్టుకుంట ఒకామె ఇంకొకామెతోని అంటున్నది, నేను వచ్చేది చూడలే. "దానికి రోగం లేదు, మొక్కు లేదు. పైసలు మిగులుతయని బంద్ పెట్టింది. కాలిన అగ్గిపుల్ల గూడ దాస్తది అది."

అగ్గిపుల్లలు దాస్త, అది నిజమే. ఒక పొయ్యికెళ్ళి ఇంకో పొయ్యి అంటించెతందుకు కాలిన పుల్ల సాలదా? కొత్తది గియ్యాలెనా? కానీ నేను తినకపోతే ఇంటికి యాట కూర తెచ్చుడు ఆగలే గద. మా ఆయనకు తునక లేనిది ఐతారం కాదు.

అసలు కథ అక్కడున్నది. ఆయనకు వండి పెట్టుడు నాకు బరువు కాలే. ముక్క కడిగేదాన్ని, పసుపు పట్టించేదాన్ని, అన్నీ ఎప్పటి తీరుగనే. ఉప్పు చూసుడు కాడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఆయనను పిలిచి అరచేతుల పోసి చూడుమంటే, ఊదకనే నాలుక కాల్చుకోని "మస్తుగున్నది" అనేటోడు. ఏది పోసినా మస్తుగనే ఉండేది. తిననీకె కూసున్నంక మాత్రం నెమ్మదిగ అడిగేటోడు, "జర ఉప్పు అందిస్తవా?"

కొన్ని ఐతారాలు ఉప్పు అడిగిండు. తర్వాత అడుగుడు బంద్ చేసిండు. తర్వాత మా ఇంట్ల కొంచెం తిని లేవబట్టిండు. ఒకనాడు చేతికి నీళ్ళియ్యబోతే, "కడుక్కొనే వచ్చిన" అన్నడు. చెయ్యి కడిగినా మసాలా వాసన పోతదా? గోడ అవతలికెళ్ళి వస్తున్న ఆ మనిషి చెయ్యి దగ్గరికి తీసుకోని వాసన చూసిన. కుడుక జర ఎక్కువ వేగింది. గసగసాలు సరిగ నూరలే. మా యారాలి కూర.

"ఏం వండిన్రు వాళ్ళింట్ల?"

"ఏందో వండింది."

"మంచిగుండెనా?"

"నీ లెక్క యాడుంటది?" అన్నడు. ఆ మాటకు నాకు ఇంక మండింది. నా లెక్క లేనిదానికి గోడ దాటి ఎందుకు పోయినట్టు?

గోడ ఎత్తు లేపిద్దామా అనుకున్న. ఇటుకలు దండగని ఊకున్న. దానికన్న వంకాయలు చవుక. లేతయి ఏరి, పల్లీలు నువ్వులు నూరి కూరి, చిన్న మంట మీద గుత్తి వంకాయ చేసిన. మా వాడంతా వాసన పోయింది. ఆయన వేళ్ళు నాకుకుంట తిన్నడు. తిని, గిన్నెల మిగిలింది చూసుకుంట, "ఇందుల గినక జర బోటి పడితేనా..." అన్నడు. నేను గిన్నె తీసి లోపల పెట్టిన.

యారాలి మీద నాకు కోపమంటే ఏందో చెప్పాలె. ఆమె నన్ను ఒక్క మాట అనలే. అంటే మంచిగుండేది. ఏదన్న అంటే నేను గూడ అందును, ఇద్దరం సమానమయిపోదుము. ఆమె ఊకెనే "అక్కా, నువ్వు చెప్పినట్టే చేసిన" అనేది. నేను చెప్పినట్టు చేసి నా గంజు తీసుకున్నది. వాడల దావత్‌లకు ఆమెను పిలువబట్టిన్రు. నన్ను గూడ పిలిచేటోళ్ళు, ఉల్లిగడ్డలు కొయ్యనీకె.

గట్ల రెండు మూడేండ్లు గడిచినంక మా బిడ్డ కాన్పుకు వచ్చింది. ఆమెను తుక్కుగూడకు ఇచ్చినం. ఆడపిల్ల పుట్టింది. మా ఇంట్ల మొదటి మనుమరాలు. తొట్టెల ఫంక్షన్ మా ఇంట్లనే, పిల్లను తొట్టెల ఏసి అందరికి యాట కూర, బగార అన్నం పెట్టాలె. తుక్కుగూడ వియ్యపోళ్ళంతా వస్తరు. వాళ్ళు నోరు కట్టుకునేటోళ్ళు కాదు.

మంచం మీద పిల్లను పక్కలో ఏసుకోని మా బిడ్డ అన్నది, "అమ్మా, కూర చిన్నమ్మను వండుమను."

నేను పిల్ల బట్టలు మడత పెడుతున్న. "ఎందుకు?"

"నువ్వు ఉప్పు చూడవు గద. ఏమన్న తేడా అయితే మా అత్తమ్మ నన్నంటది."

"నీ పెండ్లికి ఎవరు వండిన్రు?"

"అప్పుడు నువ్వు తింటుంటివి."

నా మనుమరాలి తొట్టెలకు నా వాకిట్ల ఇంకొకామె గంజు కాడ నిలవడితే, ఇగ నేను బతికున్నంత కాలం ఉల్లిగడ్డలు కోసేదాన్నే. ఆ రాత్రి అన్నం తినలే. మా ఆయన భయపడ్డడు, పొద్దుగాల లేచి తానే పంచాయతి చేసిండు. "ఇగో, నువ్వు వండు. ఆమె ఉప్పు చూస్తది. అయిపాయె." గోడ అవతలికి వినిపించేటట్టు గట్టిగ అన్నడు. అవతలికెళ్ళి "సరే బావా" అని వినవడ్డది.

తొట్టెల నాడు వాకిట్ల మూడు రాళ్ళు పెట్టి కట్టెల పొయ్యి చేసినం. నేను ఎవ్వరిని ముట్టనియ్యలే. ఉల్లిగడ్డలు నేనే కోసిన, అవి గూడ. మసాలా నేనే నూరిన. నా కోసం ఆలుగడ్డ కూర చేసుకుందామని ఆలుగడ్డలు పొట్టు తీసి, కోసి, తాంబాలంల నీళ్ళల్ల ఏసి పక్కన పెట్టుకున్న. ముక్క సగం ఉడికింది. వాసన చూస్తేనే తెలుస్తున్నది, కారం పడ్డది, మసాలా పడ్డది. ఉప్పుకు వాసన ఉండదు గద.

యారాలిని పిలిచిన. ఆమె కొంగు చెక్కుకోని వచ్చి, చెయ్యి కడుక్కోని, అరచెయ్యి గుంట చేసి పట్టింది. నేను గంటెతోని షోర్వ పోసిన. ఊదింది. నాలుకకు తగిలించుకోని కండ్లు మూసుకున్నది. అచ్చం నేను చూసే తీరు. నన్ను నేను ఎదురుంగ నిలవడి చూసుకున్నట్టే ఉన్నది, గాజులొక్కటే వేరే.

"సరిపోయింది అక్క."

"సరిగ చూసినవా?"

"చూసిన అక్క. మంచిగ కుదిరింది." అని విస్తరాకులు తేనీకె లోపలికి పోయింది.

నేను గంటె పట్టుకోని నిలవడ్డ. గంత జల్ది ఎట్ల చెప్పింది? ఉప్పు తక్కువున్నా చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది? వియ్యపురాలు మొదటి బుక్కకే "జర ఉప్పు అందియ్యి వదినె" అంటది. అందరు నా దిక్కు చూస్తరు. నా బిడ్డ తల దించుకుంటది. మళ్ళొచ్చే దావత్‌కు గంజు గోడ అవతలికి పోతది. ఆమె జాగల నేనుంటే ఏం చేద్దునో నాకు తెలుసు గనకనే నాకు నమ్మకం కాలే. ఉప్పు డబ్బాల చెయ్యి పెట్టి పిడికెడు తీసి గంజుల ఏసిన. కలిపిన. పానం నెమ్మదయింది.

దించే ముందట ఆమె తనంతట తానే మళ్ళ వచ్చింది. రెండుసార్లు చూడాలెనని నేర్పింది నేనే గద. అరచేతుల పోసుకోని నాలుకకు తగిలించుకున్నది. ఈసారి కండ్లు మూసుకోలే, పెద్దగ చేసింది.

"అక్కా!" అన్నది మెల్లగ.

"ఏమైందే?"

"ఏం కాలే." అటు ఇటు చూసింది. నా తాంబాలం కనవడ్డది. ఎత్తి నీళ్ళు వంపి, ఆలుగడ్డలన్నీ యాట కూరల పోసింది.

"ఏయ్, అవి నావే!"

"తెలుసక్క. జర ఆగు." సలసల కాగే నీళ్ళు పోసింది, కట్టెలు లోపలికి తోసింది, మిగిలిన కుడుక పొడి చల్లింది. ఇంత జల్దిగ ఆమె ఇవన్నీ ఎవరి కాడ నేర్చుకున్నదో నాకు తెల్వది. నేనయితే నేర్పలే.

అప్పుడే వియ్యపురాలు పిల్లను ఎత్తుకోని పొయ్యి దిక్కు వచ్చింది. గంజుల తొంగి చూసి మూతి వంకర పెట్టింది. "ఏంది వదినె, యాట కూరల ఆలుగడ్డలేస్తున్నరు? కూర తక్కువైందా?"

నాకు తల తీసేసినట్టయింది. మటన్‌ల ఆలుగడ్డ అంటే పిసినారితనం. ఇగ అగ్గిపుల్లల ముచ్చట తుక్కుగూడ దాంక పోతది. ఉప్పు పేరన్న వచ్చినా మంచిదే, పిసినారి పేరు రావద్దని గట్టిగ చెప్పిన, "కూర తక్కువ కాలే వదినె. ఉప్పెక్కువైంది. నేనే ఏసిన."

"కాదు వదినె" అని యారాలు నడుమల వచ్చింది. "ఉప్పు చూసింది నేను. నా నాలుకదే తప్పు."

"నేనే ఏసిన అంటున్న గదనే!"

"మా అక్క గట్లనే అంటది. నన్నెవరన్న ఏమన్న అంటే ఓర్వది."

వియ్యపురాలు నా ముఖం, ఆమె ముఖం చూసి నవ్వింది. తన చెల్లెలిని పిలిచి చూపెట్టింది. "చూసినవా, యారాండ్లంటే ఇట్లుండాలె. పెద్దదాని మీదికి మాట రానిస్తలేదు." ఇద్దరు మెచ్చుకున్నరు. నేను నిజం చెప్తే అది ఆమె మంచితనం కింద పోయింది. తప్పు గూడ నాకు దక్కనియ్యలే.

బంతులు లేసినయి. ఉప్పు సరిపోయింది. సరిపోవుడు కాదు, మొగోళ్ళు ముక్కలు పక్కన పెట్టి ఆలుగడ్డలు అడుగుతున్నరు. "ఇంకో రెండు ఆలుగడ్డలెయ్యి" అని మా ఆయన గొంతు అన్నిటికన్న పెద్దగ వినవడుతున్నది. వియ్యపురాలు చెయ్యి కడుక్కుంట యారాలిని అడిగింది, ఆలుగడ్డ ఎప్పుడెయ్యాలె, కుడుక ఎంతెయ్యాలెనని. యారాలు నన్ను చూపెట్టి, "నాదేమున్నది వదినె, కూరంతా మా అక్క చేతిదే" అన్నది. నా చెయ్యి నాదని ఆమె చెప్తేనే నలుగురికి తెల్వాలెనా? ఆనాటి సంది మా ఇండ్లల్ల తొట్టెలంటే ఆలుగడ్డ ఏసిన యాట కూరనే. దాన్ని ఇప్పటికి చిన్నమ్మ కూర అంటరు.

అందరు తిన్నంక ఆడోళ్ళం ఆఖరు బంతిల కూసున్నం. నా ఆలుగడ్డలు నీసయిపోయినయి గనక నాకు అన్నం, పచ్చిపులుసు. ఇంత ఉల్లిగడ్డ కోసుకున్న. విస్తరాకు ముందటేసుకోని కలుపుకుంటున్న, యారాలు వచ్చి నా పక్కన ఇంకో ఆకు పరుచుకోని కూసున్నది. వడ్డించే పిల్ల గంటె నిండ కూర తెచ్చింది. యారాలు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకొద్దు. నాకు గూడ పచ్చిపులుసే పొయ్యి."

ఎదురు వరుసల వియ్యపురాలు బుక్క ఆపింది. "అయ్యో, చూసిన్రా? అక్క ఒక్కతే తింటదని నీసు వదిలిపెట్టింది. ఎంత మనసు తల్లీ నీది!" పక్కన కిరస్తానమామె తలూపింది. బోరింగు కాడి ఆమె గూడ తలూపింది. నేను ఏండ్ల సంది తినకుంటే రోగమా, మొక్కా, పిసినారితనమా అని అడిగినోళ్ళు వీళ్ళు. ఆమె ఒక్క పూట ఆకు మీద చెయ్యి పెడితే అందరు మెచ్చుకునేటోళ్ళే. ఎందుకు తింటలేవని ఒక్కరు అడుగుతలేరు.

ఇగ నేనే అడిగిన, మెల్లగ, ఆమె ఒక్కదానికే వినవడేటట్టు.

"ఎందుకు తింటలేవే?"

ఆమె పచ్చిపులుసు కలుపుకుంట, నా దిక్కు చూడకుంట చెప్పింది. "ఏం లేదక్క. పొద్దుటి సంది ఆ పొయ్యి కాడనే ఉంటిమి గద. తినబుద్ధి కాలే, అంతే."

నా మాటనే అది. ఇన్నేండ్ల సంది నేను అంగట్ల, బోరింగు కాడ, గడప కాడ అందరికి చెప్పి చెప్పి అలిసిపోయిన మాట. ఆమె ముఖం చూసిన. బుక్క పెట్టుకుంటున్నది, మామూలుగనే ఉన్నది.

నాకు నమ్మకం కాలే.

"నిజం చెప్పు" అని మళ్ళ అడిగిన.